చాప ఎక్కడ పరవాలి?

పోయిన నెలలో ఒకరోజు మధ్యాహ్నం, క్యారియర్లు విప్పినప్పుడు, మా బెంచీలో ఒక గలాట జరిగింది. యోగా క్లాసుకు నెలనెలా డబ్బు కట్టి పోవాలా, ఇంట్లోనే చాప పరుచుకుని చేసుకుంటే సరిపోదా అని. "ఫోను తెరిస్తే వెయ్యి వీడియోలుండాయి, డబ్బులిచ్చి నేర్చుకునేదేందే?" అని ఒకామె. "గురువు లేకుండా చేస్తే నడుం పట్టుకుంటాది. అప్పుడు ఆ డబ్బు డాక్టరుకు కడతావు" అని ఇంకొకామె. రెండూ చేసేదాన్ని నేనే కాబట్టి నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను నోరు తెరిచేలోగా బెల్లు కొట్టేశారు. ఆ తీర్పు ఇక్కడ రాస్తున్నాను. నచ్చకపోతే గోడ దగ్గరే నిలబడి తిట్టండి, పరవాలేదు.

నాది వారంలో నాలుగు పొద్దులు ఇంట్లో, శని ఆదివారాలు హోసూరులో క్లాసు. రెండేళ్ళుగా ఇదే లెక్క. క్లాసుకు నెలకు 800 రూపాయలు. ఒక దుకాణం మీది మేడలో పొడుగాటి గది, పదిహేనుమంది ఆడవాళ్ళు, రెండు ఫ్యాన్లు. మా ఇంటి దగ్గర ఎక్కితే టౌన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, కాబట్టి దారి ఖర్చు మిగిలింది. కాలేజీకి కృష్ణగిరి వచ్చే బస్సుకు మాత్రం ఆ ఉచితం వర్తించదని మీకందరికీ తెలుసు.

ఇంట్లో ఒంటరిగా చేస్తే చాలు అనేవాళ్ళకు ముందుగా నా మెడ కథ చెప్తాను. మొదట్లో నేనూ ఫోను చూసే నేర్చుకున్నాను. సర్వాంగాసనం చూశాను. భుజాల మీద నిలబడి కాళ్ళు ఆకాశానికెత్తడం. వీడియోలో ఆమె భుజాల కింద రెండు దుప్పట్లు మడిచి పెట్టుకుంది. అది అలంకారం అనుకున్నాను! దుప్పటి లేకుండా ఉత్త నేల మీదే ఎత్తాను. బరువంతా మెడ మీద పడింది. పది రోజులు ఎవరైనా పిలిస్తే తల తిప్పడం కాదు, మనిషినే తిప్పాల్సి వచ్చింది. క్లాసులో చేరాక మేడమ్ ఒక్క నిమిషంలో చెప్పింది. భుజాలు ఎత్తు మీద, తల పల్లంలో ఉంటే మెడకు వంగడానికి చోటు దొరుకుతుంది, బరువు భుజాలు మోస్తాయి అని. వీడియోలో ఆ దుప్పటి కనబడింది. అది ఎందుకుందో మాత్రం కనబడలేదు. అడిగితే చెప్పేవాళ్ళు అందులో లేరు.

క్లాసే గొప్ప అనేవాళ్ళకు నా తొడ కథ ఉంది. ఒకసారి మేడమ్ ఊరికి పోయి, బదులుగా వేరొకరు వచ్చారు. పశ్చిమోత్తానాసనంలో కూర్చుని ముందుకు వంగుతా ఉంటే వెనకనుంచి వీపు మీద చెయ్యి పెట్టి గట్టిగా అదిమారు. వద్దు అనడానికి నోరు రాలేదు. పక్కన పద్నాలుగుమంది వంగి ఉండారు, నేనొక్కదాన్నే అరిస్తే ఏమనుకుంటారో అని. తొడ వెనక నరం పట్టుకుని మూడు వారాలు బస్సు మెట్లెక్కలేకపోయాను. ఇంట్లో అయితే ఎవరు అదుముతారు? తెలియకపోవడం వల్ల ఇంట్లో దెబ్బ తగిలింది, సిగ్గు వల్ల క్లాసులో తగిలింది. ఏది ఎక్కువ ప్రమాదమో నాకు తేలలేదు.

అయినా క్లాసు మానలేదు, ఎందుకంటే మన మోకాలు మనకు కనబడదు. నిజంగానే. వీరభద్రాసనంలో ముందరి మోకాలు లోపలికి వాలుతా ఉంటుంది, మనకేమో చీలమండకు తిన్నగా ఉన్నట్లే అనిపిస్తుంది. ఏడాదిపాటు అట్లా చేస్తే ఆ తప్పే అలవాటైపోయి, సరిగ్గా నిలబెడితే అదే తప్పులాగా తోస్తుంది. దీనికి ఇంకొకరి కన్ను కావాల్సిందే. వారానికి ఒకసారైనా.

అదే పోతే ఊపిరి విషయంలో క్లాసు పనికిరాదు అంటాను. క్లాసులో ఊపిరి మనది కాదు, లెక్కపెట్టేవాళ్ళది. "ఉళ్ళే ఇళు" అంటే లాగాలి, "మెదువా విడు" అంటే వదలాలి. నా ఊపిరి చిన్నది, పక్కామెది పెద్దది. ఇద్దరికీ ఒకే లెక్క. ఇంట్లో మాత్రం సూర్యనమస్కారం పన్నెండు మెట్లూ నా ఊపిరి ఎంత పొడుగుంటే అంతసేపు. ఇంకో సంగతి, ఆడపిల్లలం కాబట్టి రాస్తున్నా. నెలసరి రోజుల్లో తలకిందులుగా చేసే ఆసనాలు వద్దని బి.కె.యస్. అయ్యంగార్ పద్ధతిలో చెప్తారు. ఆయన కూతురు గీతా అయ్యంగార్ ఆడవాళ్ళ కోసమే ఒక పుస్తకం రాసి, ఆ రోజుల్లో ఏం చెయ్యొచ్చు, ఏం మానాలి అని విడిగా వివరించింది. క్లాసులో ఈ మాట పైకి చెప్పడానికి ఎంతమందికి నోరొస్తుంది? మేడమ్ అయినా సరే, పదిహేనుమంది మధ్యలో? "ఈరోజు వొద్దు మేడమ్" అని ఊరుకుంటాం. ఇంట్లో ఆ గొడవ లేదు. ఒళ్ళు ఏం చెప్తే అది.

ఇంట్లో చేసేదానికి సామాన్లు కూడా పెద్దగా అక్కర్లేదు. బెల్టు బదులు చున్నీ. చెయ్యి నేలకందకపోతే కింద పెట్టుకునే చెక్క దిమ్మెకు బదులు మా ఇంట్లో ఉన్న లావుపాటి పుస్తకం బ్రౌణ్య నిఘంటువు. డిపార్ట్‌మెంట్ మేడమ్‌లు నన్ను క్షమించాలి. కాళ్ళు తగలనివ్వను, చేతులే ఆనిస్తాను.

ఈ దిమ్మెలు, బెల్టులు, దుప్పట్లు యోగాలోకి ఎక్కువగా తెచ్చింది ఆ అయ్యంగారే. ఆయన మనకు పరాయివాడేమీ కాదు. హోసూరు నుంచి మాలూరు మీదుగా పోతే కోలారు దారిలో ఉన్న బెళ్ళూరులో 1918లో పుట్టాడు. చిన్నప్పుడు రోగిష్టి పిల్లవాడు. మైసూరులో తన బావ తిరుమలై కృష్ణమాచార్యుల దగ్గర నేర్చుకున్నది కొంతకాలమే. 1937లో ఆయన్ని పూణే పంపించేశారు. అక్కడ చూపించే గురువు లేడు, భాష రాదు. గంటలు గంటలు ఒక్కడే చేసి, తప్పు చేసి, నొప్పి పడి, మళ్ళీ చేసి, అట్లా తయారైన మనిషి. అంటే ప్రపంచమంతా క్లాసులు నడిపిన ఆయన ఇంట్లో చేసుకునే నేర్చుకున్నాడు! అయితే ఆయనకున్నంత ఓపిక, పట్టుదల నాకు లేవు. అందుకని ఆయన కథ చెప్పి క్లాసు ఎగ్గొట్టడానికి వీల్లేదు.

ఆ కృష్ణమాచార్యుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మైసూరు రాజుల ఆదరణలో 1933 నుంచి జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపి, అది 1950లో మూతపడ్డాక మద్రాసు చేరాడు. అక్కడ ఎక్కువగా ఒక్కొక్కరికే నేర్పాడు. ఒక మనిషి వస్తే, వాళ్ళ వయసు, ఒళ్ళు, పని, రోగం చూసి, వాళ్ళు ఇంట్లో చేసుకోవాల్సింది చెప్పి పంపడం. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తే చూసి మార్చడం. ఆయన కొడుకు దేశికాచార్ 1976లో చెన్నైలో పెట్టిన కృష్ణమాచార్య యోగమందిరం పద్ధతీ ఇదే. ఆయన మైసూరు శిష్యుడు పట్టాభి జోయిస్‌ది ఇంకో దారి. అందరూ ఒకే హాల్లో ఉంటారు, కానీ ఎవరి వరస వాళ్ళు, ఎవరి ఊపిరి వాళ్ళు చేసుకుంటూ పోతారు. గురువు మధ్యలో తిరుగుతా ఎక్కడ అవసరమో అక్కడ చెయ్యి వేస్తాడు. దీన్నే ఇప్పుడు లోకమంతా మైసూరు పద్ధతి అంటారు. ఇల్లూ క్లాసూ ఒకే గదిలో కలిసిపోయినట్లు. ఈ పద్ధతి మాట గుర్తుపెట్టుకోండి, దీంతో నాకు చివర్లో పని ఉంది.

మన జిల్లాలోనే చూసినా అంతే. వేదాద్రి మహర్షి మనవళక్కలై మన్రాలు తమిళనాడులో ఏ ఊరికి పోయినా కనబడతాయి. నేతపని ఇంట్లో పుట్టిన మనిషి ఆయన, సంసారుల కోసమే ఒక సులువైన వరస తయారుచేశాడు. చేతుల కసరత్తు, కాళ్ళ కసరత్తు, కళ్ళది, ఊపిరిది, మకరాసనం, ఒళ్ళు మర్దనా, చివర్లో పడుకుని విశ్రాంతి. నేర్చుకునేది మన్రంలో, చేసేది ఇంట్లో. మా వీధిలో అరవై దాటిన ఒక అవ్వ రోజూ వాకిట్లో కళ్ళు తిప్పుతా ఉంటుంది. మొదటిసారి చూసి నన్నే పిలుస్తా ఉందనుకున్నాను.

అంటే పెద్దవాళ్ళెవరూ ఇల్లా, క్లాసా అని కొట్లాడలేదు. మరి మన గలాట దేనిగురించి? నాకు తోచింది చెప్తాను. అది యోగా గురించి కాదు, చోటు గురించి.

పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగప్రదీపికలో అభ్యాసం చేసే గది ఎట్లుండాలో వివరంగా ఉంది. అలజడి లేని చోట చిన్న కుటీరం, చిన్న వాకిలి, కిటికీ ఉండకూడదు, పేడతో అలికి శుభ్రంగా ఉండాలి, లోపల ఒంటరిగా ఉండాలి. చదివి నవ్వొచ్చింది. అలికేది ఎవరో రాయలేదు. మా ఇంట్లో హాలు, వంటిల్లు, ఒక గది. నాయన సిప్‌కాట్‌లో షిఫ్టు పని. రాత్రి షిఫ్టు వారం వస్తే పొద్దున ఆరున్నరకు వచ్చి హాల్లోనే పడుకుంటాడు, అందుకని ఆ వారం నా చాప ఫ్రిజ్‌కూ గడపకూ మధ్యలోకి జరుగుతుంది. చేతులు పక్కకు చాపితే ఒక చెయ్యి ఫ్రిజ్‌కు తగులుతుంది. త్రికోణాసనం నేను ఎడమ పక్కకే బాగా చేస్తానంటే కారణం ఒళ్ళు కాదు, ఫ్రిజ్. ఆ పైన నీళ్ళొచ్చే పొద్దు అయితే శవాసనంలో ఉన్నదాన్ని లేచి బిందెలు పట్టాలి. మా అవ్వయితే మంచం మీదనుంచే, "ఏమ్మే పాపా, పొద్దన్నే ఈ పొర్లాటలు యాల? ఆ వంగేదేదో చీపురు పట్టుకుని వంగితే ఇల్లన్నా శుభ్రమవతాది" అంటుంది. తమ్ముడు పుషప్స్ తీస్తే మాత్రం "దిష్టి తగులుతాది" అంటుంది.

చోటు లేని ఆడమనిషి యోగం చెయ్యాలంటే ఏమవుతుందో మన సాహిత్యంలోనే ఒక కథ ఉంది. తరిగొండ వెంగమాంబ. సిలబస్‌లో ఆమెను భక్త కవయిత్రిగా చదివి వదిలేస్తాం. ఆమె యోగిని కూడా. రాజయోగామృతసారం అనే ద్విపద కావ్యం రాసింది. చిన్నతనంలోనే భర్త పోయాడు, వైధవ్య నియమాలకు తలవంచనంది. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఉపదేశం తీసుకుంది. అది ఆమె క్లాసు అనుకోండి. ఆ తర్వాత చేసుకోవడానికి ఇంట్లో చోటు ఏది? తరిగొండ గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనకాల దాక్కుని కూర్చుని సాధన చేసేదని, పూజారి కనిపెట్టి గొడవ చేశాడని చెప్తారు. అక్కడనుంచి తిరుమల పోయింది. అక్కడా ఇరుగుపొరుగు పడనివ్వలేదు. చివరికి తుంబురకోన అడవిలోకి పోయి ఒక గుహలో ఏళ్ళతరబడి ఉందని కథ. 1730లో పుట్టి 1817 దాకా బతికిన మనిషి. పండితులు ఇందులో భక్తి చూస్తారు. నాకు మాత్రం గది కోసం వెతుక్కుంటా పోయిన ఒక ఆడమనిషి కనబడుతుంది. విగ్రహం వెనక సందులో కూర్చోవడం, ఫ్రిజ్ పక్కన కూర్చోవడం ఒకటేనని నేననను. ఆమె ఎక్కడ, నేనెక్కడ. కానీ ఆ సందు ఎంత ఇరుకో నాకు తెలుసు.

'స్టూడియో' అనే మాట కూడా ఒక ఆడమనిషి కథలోకే తీసుకుపోతుంది. మన ఊళ్ళో స్టూడియో అంటే పెళ్ళిఫోటోలు తీసేది. యోగాకు స్టూడియో అన్న పేరు అమెరికాలో పాతుకోవడంలో ఇంద్రాదేవి చెయ్యి ఉంది. రీగాలో పుట్టిన ఆమె 1930ల చివర్లో మైసూరు వచ్చి నేర్పమంటే కృష్ణమాచార్యులు మొదట ఒప్పుకోలేదు, ఆడమనిషి, పైగా పరదేశి అని. మహారాజు చెప్పాక చేర్చుకున్నారు. 1947లో ఆమె హాలీవుడ్‌లో యోగా స్టూడియో తెరిచింది. తలుపు తెరవనన్న చోట నిలబడి లోపలికి పోయినామె తర్వాత తనే ఒక తలుపు పెట్టింది, ఇది నాకు బాగా నచ్చిన సంగతి.

మా అమ్మ విషయం చెప్పి ముందుకు పోతాను. పోయిన ఏడాది బతిమాలి రెండు ఆదివారాలు మా క్లాసుకు పిలుచుకుపోయాను. నడుం నొప్పి ఆమెకు. మొదటి రోజు క్లాసు అయిపోయాక మెట్లు దిగుతా ఒక మాట అనింది. "గంటసేపు ఎవరూ నన్ను పిలవలే." అంతే. ఆసనాల గురించి, మేడమ్ గురించి ఏమీ అనలేదు. నేను రెండేళ్ళలో కనిపెట్టలేనిది అమ్మ ఒక గంటలో కనిపెట్టింది. మూడో ఆదివారం చుట్టాలొచ్చారు, నాలుగోది తమ్ముడి పరీక్ష. ఐదోది అడిగితే, "ఆడ పడుకున్నంతసేపూ ఈడ పొయ్యిమీద పాలు పెట్టొచ్చినట్లే ఉండాది లేమ్మే, నువ్వు పో" అనింది. ఇప్పుడు నేను ఇంట్లో చేసే పొద్దుల్లో పక్కన ఒక పదిహేను నిమిషాలు కూర్చుంటుంది. అందులో మూడుసార్లు లేస్తుంది. పిల్లిలా వీపు ఎత్తి దించే మార్జాలాసనం వల్ల నొప్పి కొంచెం తగ్గిందంటుంది. ఇంట్లో చేసుకోవడం వల్ల ఆమెకు ఆసనం దొరికింది. ఆ గంట మాత్రం దొరకలేదు. ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అనేవాళ్ళను నేను అడిగేది ఇదే: ఇంట్లో మిమ్మల్ని ఎవరూ పిలవకుండా ఉంటారా?

ఇంట్లో చేసుకోవడం వల్ల నాకొచ్చిన ఒక లాభం మాత్రం మన డిపార్ట్‌మెంట్‌కు చెప్పకుండా ఉండలేను. మా క్లాసు హోసూరు క్లాసు కదా. మేడమ్ అరవంలో చెప్తుంది, మధ్యలో 'ఇన్‌హేల్, ఎక్స్‌హేల్', కన్నడం మాట్లాడేవాళ్ళ కోసం 'ఉసిరు బిడి'. తెలుగోళ్ళం సగంమందిమి ఉన్నా తెలుగు మాత్రం రాదు, మేమే అడగం. ఇంట్లో నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మాటలు వెతుక్కున్నాను. ముందు అరవంలోనే లెక్కపెట్టుకున్నాను. తర్వాత అమ్మకు చెప్పాల్సి వచ్చేసరికి, 'గాలి పీల్చు, నిదానంగా వదులు, నడుం వంచు, గడ్డం రొమ్ముకు ఆనించు, మడమలు నేలకు అదుము' అని నోటికొచ్చేశాయి. మడమ అనే మాట నేను పైకి అని ఎన్నేళ్ళయిందో! భుజంగాసనాన్ని అవ్వ 'పాము పడగ' అంటుంది. ఆమె పొర్లాటలని తిడుతూనే పేర్లు పెడుతుంది.

యోగా దినం గురించి కూడా ఒకరు అడిగారు. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, 2015 నుంచి జూన్ 21న జరుపుతున్నారు. 2025లో విశాఖ సముద్రం ఒడ్డున యోగాంధ్ర పేరుతో ప్రధానమంత్రి వచ్చి చేసినప్పుడు సుమారు మూడు లక్షల మంది అన్నారు. టీవీలో చూస్తే బాగుంది, కాదనను. కానీ ఆ మూడు లక్షల చాపల్లో జూన్ 22న పరుచుకున్నవెన్ని? మన కాలేజీలోనూ ఆ రోజు తెల్ల చుడీదార్లు వేసుకుని వరసగా నిలబడి ఫోటో దిగాం. మర్నాడు ఆ చాపలు ఎక్కడికి పోయాయో తెలియదు.

ఇంక తీర్పు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు మూడు నాలుగు నెలలు క్లాసుకు పోవాల్సిందే. ఫోను గురువు కాదు, నేర్చుకున్నది మరిచిపోతే గుర్తు చేసుకోవడానికి పనికొస్తుంది. తర్వాత క్లాసు వారానికి ఒకటో రెండో చాలు. మిగతా రోజులు ఇంట్లో ఇరవై నిమిషాలు, క్లాసులో సరిదిద్దినవే. కొత్త ఆసనం ఇంట్లో మొదలుపెట్టొద్దు. మెడ మీద, తల మీద బరువు పడేవి అసలే వద్దు. డబ్బు లేకపోతే నెలకు రెండు క్లాసులైనా సరే అడగండి, చాలామంది మేడమ్‌లు ఒప్పుకుంటారు. క్లాసులో నొప్పి పుడితే నొప్పి అని పైకి అనండి, నాలాగా మూడు వారాలు కుంటొద్దు.

ఇల్లు ఇరుకైనవాళ్ళకు, ఊరు దూరమైనవాళ్ళకు ఈ తీర్పు సరిపోదని నాకు తెలుసు. మన క్లాసులోనే శూలగిరి అవతలి పల్లెలనుంచి, బేరికె వైపునుంచి వచ్చేవాళ్ళున్నారు. అక్కడ క్లాసులు లేవు, ఇంట్లో చాప పరిచేంత చోటు ఉన్నా పరవనివ్వరు. అందుకే మైసూరు పద్ధతిని గుర్తుపెట్టుకోమన్నాను. మన కాలేజీలో మేడమీది చివరి గది మూడు ముక్కాలుకు ఖాళీ అవుతుంది. మనలో చాలామంది ఎక్కే బస్సు నాలుగున్నరకు. ఆ ముప్పావుగంట చెట్టు కింద ఫోను చూస్తా కూర్చుంటాం. వారానికి మూడు రోజులు ఆ గది తెరిచి పెడితే ఎవరి చాప వాళ్ళు తెచ్చుకుని, ఎవరికి వచ్చింది వాళ్ళు, మాట్లాడకుండా చేసుకుంటాం. పదిహేను రోజులకొకసారి ఒక ఆడ టీచరును పిలిచి తప్పులు దిద్దించుకుంటే మనిషికి యాభై రూపాయలు కూడా కాదు, లెక్కవేశాను. యోగా రానివాళ్ళు ఊరికే పడుకున్నా సరే. ఎవరూ పిలవరు.

ఇప్పటికి పదకొండుమంది పేర్లిచ్చారు. నిన్న మేడమీదికి పోయి చూసొచ్చాను. బెంచీలు గోడకు జరిపితే పద్దెనిమిది చాపలు పడతాయి, ఒక కిటికీకి గొళ్ళెం లేదు. తాళంచెవి అటెండర్ అక్క దగ్గరుంది. అడిగితే, "హెచ్‌ఓడీ మేడమ్ సంతకం పెట్టిన కాయితం తీసుకరా పాపా, అప్పుడే తీసిస్తా" అనింది. కాయితం రాసి డిపార్ట్‌మెంట్‌లో బల్ల మీద, ఎర్ర ఫైలు కింద పెట్టాను, మేడమ్.